స్ప్రింగు బూట్లు కట్టుకునే ముందు

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. కొత్త బూట్లు కట్టుకుని హాల్లో గెంతుతుంటే నీ మొహం వెలిగిపోతోంది. పిల్లాడు సోఫా మీద నుంచి చప్పట్లు కొడుతున్నాడు. మొదటిసారి ముచ్చటపడ్డాను. రెండోసారి చూసేసరికి గుండె జారింది. నీ చూపంతా కాళ్ళ మీదే ఉంది. మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. కింద నున్నటి టైల్స్, పక్కనే గాజు టీపాయ్. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. బడిలో ఆటల టీచరుగా ఇరవై ఏడేళ్ళు చేశాను, ఈ బూట్లతో తొమ్మిదేళ్ళు గడిపాను. ఇందులో నాకు తెలిసిందంతా నీకు చెప్పాలి.

ముందు పెట్టె మీద చూడు. ఎంత బరువున్న మనిషికో రాసి ఉంటుంది. నీ పెళ్ళినాటి బరువు కాదమ్మా, ఈ రోజు పొద్దున కాటా ఎక్కితే వచ్చిన బరువుతో పోల్చుకో. స్ప్రింగు నీ బరువుకి మెత్తనైతే, దిగిన ప్రతిసారీ అడుగుదాకా నొక్కుకుపోయి "టక్"మని కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా మడమకి, అక్కణ్ణుంచి మోకాలికి వస్తుంది. మరీ గట్టిదైతే అసలు నొక్కుకోదు, చెక్క మీద గెంతినట్టే ఉంటుంది. రెండిట్లో ఏదైనా తిప్పి పంపేసెయ్. డబ్బు పోయినా ఫరవాలేదు, నేనిస్తాను.

నువ్వు కొన్నది స్కేటింగ్ బూటులాంటి రకం. కంగూ జంప్స్ అనే పేరుతో స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ఊరూరా పాకింది చూడు, ఆ తరహాది. దానికి మూలం కెనడాలోని మాంట్రియల్‌లో గ్రెగరీ లెఖ్ట్‌మన్ అనే ఆయన చేసిన ఎక్సర్‌లోపర్స్ అనే బూట్లు. ఈ ఆలోచన అంతకన్నా ఎంతో పాతది. 1890లోనే రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి చెందిన నికొలస్ యాగ్న్ అనే ఆయన కాళ్ళ పక్కన పొడుగాటి విల్లు స్ప్రింగులు కట్టుకుని పరుగెత్తే పరికరానికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఆ బొమ్మ చూస్తే మన జాతర్లలో కొయ్యకాళ్ళు కట్టుకుని నడిచేవాళ్ళు గుర్తొస్తారు.

బూటు తిరగేసి అడుగున చూడు. రెండు విల్లులు ఎదురెదురుగా పెట్టి కొసలు కలిపినట్టు, కన్ను ఆకారంలో ఉంటుంది. మధ్యలో ఒక పట్టీ బిగించి ఉంటుంది. నువ్వు దిగినప్పుడు ఆ కన్ను సగం మూసుకుంటుంది, పట్టీ సాగుతుంది. మళ్ళీ తెరుచుకుంటూ నిన్ను పైకి నెడుతుంది. మామూలుగా పరుగెత్తితే ఒక్కో అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. 65 కిలోల మనిషైతే 130 నుంచి 195 కిలోల దాకా అన్నమాట. ఆ బలమంతా కన్నుమూసి తెరిచేలోగా పడితే ఎముకకి దెబ్బ. అదే కాస్త సమయం తీసుకుని నెమ్మదిగా పడితే తట్టుకుంటుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు బంతితో పాటు చేతులు వెనక్కి లాక్కుంటాడే, అదే సూత్రం. ప్రకటనల్లో 80 శాతం దెబ్బ తగ్గుతుందని రాస్తారు. ఆ లెక్క పట్టుకుని ధైర్యంగా గెంతకు. మోకాలు బిగబట్టి దిగేవాళ్ళకి ఏ స్ప్రింగూ అంత మేలు చెయ్యదు. సగం పని బూటుదైతే సగం పని నీ మోకాలిది.

ఇక కట్టుకోవడం. ఇందులో తొందరపడొద్దు. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చో. చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ స్టూలు వద్దు. పిక్క సగందాకా వచ్చే మందపాటి మేజోళ్ళు వేసుకో, ముడతలు లేకుండా లాగు. పొట్టి మేజోళ్ళతో కట్టుకుంటే బూటు అంచు ఒరుసుకుని పొక్కులొస్తాయి. కాలు పెట్టాక మడమని నేల మీద రెండుసార్లు తట్టు, అది వెనక్కి పూర్తిగా ఆనాలి. అప్పుడు క్లిప్పులు కింద నుంచి పైకి బిగించుకుంటూ రా. పైది ముందు బిగిస్తే మడమ లోపల పైకి లేచి ఉండిపోతుంది. గెంతినప్పుడల్లా అర అంగుళం లేచి దిగుతుంది, నీకు తెలియకుండానే చీలమండ మెలికపడుతుంది. అన్నీ బిగించాక వేళ్ళు కదపగలగాలి, మడమ మాత్రం కదలకూడదు.

లేచాక నిశ్చలంగా నిలబడదామని చూడకు. సైకిలు ఆపి కాలు కింద పెట్టకుండా నిలబడటం ఎంత కష్టమో ఇదీ అంతే. గుండ్రటి అడుగు మీద శరీరం ఊగుతూనే ఉంటుంది. ఉన్నచోటే చిన్నచిన్న అడుగులు వేస్తూ ఉండు, కవాతులో కాళ్ళు తొక్కినట్టు. తూలినట్టు అనిపిస్తే బిగుసుకుపోకుండా అడుగులు ఇంకా వేగంగా వెయ్యి, అదే సర్దుకుంటుంది. పాదాలు మామూలు కంటే బెత్తెడు ఎడంగా ఉంచు, లేకపోతే ఒక బూటు ఇంకో బూటుకి తగిలి పడతావు. మోకాళ్ళు కాస్త వంచు, పొట్ట లోపలికి పట్టు, ఒళ్ళు వీసమెత్తు ముందుకి వాలనీ. ఎదురుగా నీ కళ్ళెత్తులో గోడ మీద ఏదైనా అంటించుకుని దాన్నే చూడు. కాళ్ళు చూసుకుంటే తల వంగుతుంది, తలతో పాటు వీపు వంగుతుంది.

నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. మొదలుపెట్టిన నాలుగో వారం. అప్పటికి బాగానే వచ్చేసిందనుకున్నాను. పొద్దున్నే మేడ మీద ఒక్కదాన్నే గెంతుతున్నాను. ముందు రోజు ట్యాంకు దగ్గర సిమెంటు పని జరిగింది. నేల శుభ్రంగానే కనిపించింది, నేనే చీపురు పట్టి ఊడ్చుకోవలసింది, ఊడ్చలేదు. పక్కకి అడుగు వేసేసరికి ఇసుక నలుసుల మీద బూటు జర్రున జారింది. వెనక్కి పడుతూ ఎడమ చెయ్యి ఆనించాను. మణికట్టు దగ్గర పుటుక్కున చప్పుడు వినబడింది, నొప్పి తర్వాత వచ్చింది. కాళ్ళకి ఆ బూట్లుండగా ఒంటి చేత్తో లేవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పాక్కుంటూ పిట్టగోడ దాకా వెళ్ళి, కూర్చుని, కుడి చేత్తో ఒక్కో క్లిప్పూ విప్పుకున్నాను. ఆరు వారాలు కట్టు. జడ వేసుకోవడం కూడా కుదరక పక్కింటావిడ రోజూ వచ్చి వేసేది. మీ నాన్నకి బాత్‌రూమ్‌లో జారానని చెప్పాను.

అందుకని మణికట్టు పట్టీలు లేకుండా నువ్వు లేవనే వద్దు. స్కేటింగ్ పిల్లలు వేసుకునేవి, లోపల గట్టి ప్లాస్టిక్ పలక ఉండేవి. మోకాలి చిప్పలకీ మొదటి రెండు నెలలు కట్టుకో. టైల్స్ మీద వద్దు. తడి నేల, ఇసుక, కంకర, ఏటవాలు ఏదీ వద్దు. గరుకు సిమెంటు నేల, స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు, జిమ్‌లో రబ్బరు పరిచిన చోటు బాగుంటాయి. నీ ఫ్లాట్ కింద ఎవరున్నారో కూడా ఆలోచించు, వాళ్ళ నెత్తిన పిడుగులు పడుతున్నట్టుంటుంది. మేడ మీదికి వెళ్తే బూట్లు చేత్తో పట్టుకుని ఎక్కు, అక్కడ కట్టుకో. వాటితో మెట్లెక్కకు, దిగకు.

నెలలో ఆరు కిలోలు తగ్గాలి, తమ్ముడి పెళ్ళికి పాత బ్లౌజులు పట్టాలి అన్నావు. తగ్గుతావు లేమ్మా, పెళ్ళిలోగా మాత్రం కాదు. ఊపిరితిత్తులు రెండు వారాల్లో అలవాటు పడతాయి, అప్పుడు ఇంకా చెయ్యగలననిపిస్తుంది. చీలమండ ఎముకల్ని పట్టి ఉంచే కట్లకీ, పిక్కని మడమకి కలిపే స్నాయువుకీ అంత త్వరగా బలం రాదు. దెబ్బలన్నీ ఈ తేడాలోనే తగులుతాయి. నేను నేర్పినవాళ్ళందరికీ పెట్టిన పద్ధతి ఇది: మొదటి వారం పది నిమిషాలు, ఉన్నచోట అడుగులు మాత్రమే, రోజు విడిచి రోజు. రెండో వారం మోకాళ్ళెత్తడం, పక్కకి అడుగులు. మూడో వారంలో చిన్న పరుగు, అదీ ఉన్నచోటే. రెండు కాళ్ళూ గాల్లోకి లేచే గెంతులు నాలుగో వారం దాటాక. ఒంటికాలి గెంతులు, గిరగిరా తిరగడం ఆరు వారాలయ్యేదాకా తలపెట్టకు. తొక్కుడుబిళ్ళలో నువ్వు ఎవరికీ దొరికేదానివి కాదని నాకు తెలుసు, అప్పుడు ఆ కాళ్ళకి పదేళ్ళ వయసు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ బలం కట్టుకురావాలి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు. ఊగకుండా 30 సెకన్లు, తర్వాత ఇంకో కాలు. అది రాకుండా బూట్లలో ఒంటికాలి ఆటలు వద్దు.

చప్పుడు విను. పాటలు పెట్టుకోకుండా మొదటి వారాలు చెయ్యమనేది అందుకే. రెండు కాళ్ళతో దిగినప్పుడు "ధప్" అని ఒక్కటే చప్పుడు రావాలి. "ట-ధప్" అని రెండు ముక్కలుగా వస్తే ఒక కాలు ముందు దిగుతోంది, బరువంతా అదే మోస్తోంది. అలసిపోయినప్పుడు ఈ తేడా మొదట చెవికే తెలుస్తుంది. అది వినబడిన రోజు అక్కడితో ఆపేసెయ్, గడియారం చూడకు.

విప్పాక నేల మొద్దుబారినట్టు, కాళ్ళు సీసం పోసినట్టు ఉంటాయి. కంగారుపడకు, ఐదు నిమిషాలు కూర్చో. వెంటనే మెట్లు దిగకు, పొయ్యి దగ్గరికి వెళ్ళకు. మర్నాడు పిక్కలు పట్టేయడం మామూలే. ముడుకులో గుచ్చినట్టున్నా, మడమ పైన ఆ స్నాయువు తాకితే నొప్పిగా ఉన్నా, వాపు వచ్చినా మానేసి డాక్టరుకి చూపించు.

ఇంకో మాట, సిగ్గుపడకుండా విను. నీకు రెండు కాన్పులయ్యాయి. గెంతినప్పుడు, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్క పడుతోందా? పడితే ముందు బూట్లు పక్కన పెట్టు. పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు కాన్పుల్లో సాగిపోతాయి, వాటి మీద గెంతుల బరువు పడకూడదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇది పిల్లలు పుట్టాక మామూలే అనుకుని ముప్పై ఏళ్ళు భరిస్తారు. నేనూ భరించాను, ఎవరూ చెప్పలేదు కనక. ఫిజియోథెరపిస్టు నేర్పే బిగింపు వ్యాయామాలు కొన్ని నెలలు చేస్తే చాలామందికి కుదురుకుంటుంది. అప్పుడు నిశ్చింతగా గెంతొచ్చు. అమ్మని మాత్రం ఈ బూట్లు ఎక్కించకు, సరదాకి కూడా. ఆవిడకి ఎముకలు గుల్లబారాయని చెప్పారు కదా. తల తిరిగే జబ్బున్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు వీటి జోలికి రాకూడదు.

పెద్దాడు అడుగుతున్న ఆ పొడుగాటి స్ప్రింగు కాళ్ళు వేరే జాతి. జర్మనీలో అలెగ్జాండర్ బోక్ అనే ఆయన చేసినవి. వెనక ఫైబర్‌గ్లాస్ పలక విల్లులా వంగి మనిషిని ఆమడ దూరం విసిరినట్టు లేపుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో వాటితో గెంతిన కళాకారుల్ని నేనూ నోరు తెరుచుకుని చూశాను. వాళ్ళది సాధన చేసిన ఒళ్ళు. అవి 50 నుంచి 70 కిలోలు, 70 నుంచి 90 కిలోలు అని బరువుని బట్టి అమ్ముతారు. వాడు నలభై కిలోలు లేడు, పెద్దవాళ్ళవి కట్టుకుంటే పలక వంగదు, ముందుకి తోసేస్తుంది. కాళ్ళు పట్టీలతో బిగించి ఉంటాయి కనక పడేటప్పుడు విదిలించుకోలేడు. హెల్మెట్, అన్ని పట్టీలు, నేర్పే మనిషి, చెరో పక్క పట్టుకోవడానికి ఇద్దరు ఉంటే తప్ప వద్దు. వాడికి తాడాట తాడు కొనిపెట్టు, రోజుకి 200 గెంతమను. ఏడాది తర్వాత నేను వాడి కాళ్ళు చూసి చెబుతాను.

బెజవాడ ఎండలో బూట్లు మేడ మీద వదిలెయ్యకు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. లోపలి మెత్త తీసి నీడన ఆరబెట్టు. ప్రతి ఆదివారం అడుగు తుడిచి వేలితో తడిమి చూడు. వెంట్రుకంత చీలిక ఉన్నా, బోల్టు వదులైనా, పట్టీ తెల్లబారి గీతలు పడినా ఆ భాగం మార్చేదాకా కట్టుకోవద్దు. మార్చేటప్పుడు రెండు కాళ్ళవీ కలిపి మార్చు, ఒకటి కొత్తది ఒకటి పాతదైతే నడుము ఒక పక్కకి లాగుతుంది.

ఈసారి వీడియో పక్క నుంచి తీయించి పంపు. ఫోన్ నేల మీద, గోడకి ఆనించి పెట్టమను, మోకాళ్ళ కింద భాగం కనిపిస్తే చాలు. పాట వద్దు, చప్పుడు వినబడాలి నాకు. మణికట్టు పట్టీలు కట్టుకుని ఒక ఫోటో కూడా.

మీ అత్త