పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేయకండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది నూజివీడు దగ్గర పల్లె, నాన్నకు ఐదెకరాల మామిడి తోట ఉంది. నేను విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఒకసారి బ్యాంకు పరీక్ష రాయాలనిపిస్తుంది, ఒకసారి కెనడా వెళ్లి చదవాలనిపిస్తుంది, మా కాయలను నగరాల్లో నేరుగా అమ్మితే బాగుంటుందని ఇంకోసారి అనిపిస్తుంది. రెండు కోర్సులకు ఫీజు కట్టి మధ్యలో వదిలేశాను. కెనడా సంగతి చుట్టాలందరికీ చెప్పి, చివరికి మానుకున్నాక తలెత్తుకోలేకపోతున్నాను. ఎనిమిది నెలలుగా ఆదివారాలు పక్కింటి పిల్లలకు కథలు చెబుతూ బొమ్మలు వేయడం తప్ప ఏదీ నిలకడగా చేయలేదు. నావన్నీ గాలిమేడలే అంటారు నాన్న. ఊహలు మానుకుంటేనే లక్ష్యం కుదురుతుందా?

జవాబు: మీరు అడిగిన ప్రశ్న కంటే, ‘తప్ప’ అనే చిన్న మాట వెనుక మీరు దాచేసిన సంగతే నన్ను ఎక్కువసేపు ఆపింది. దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు మీ తోటలోకి వెళదాం, ఎందుకంటే మీకూ మీ నాన్నగారికీ సమానంగా తెలిసిన భాష అక్కడే ఉంది.

ఒక మామిడి పూగుత్తిని వంచి దగ్గరగా చూడండి. వందల కొద్దీ పూలుంటాయి, కొన్ని గుత్తుల్లో వెయ్యి కూడా దాటుతాయి. కోత దాకా నిలిచేవి మాత్రం ఒకటో రెండో, చాలా గుత్తుల్లో ఆ ఒక్కటీ ఉండదు. పైగా ఆ పూలన్నీ ఒక తీరువి కావు. పిందె కట్టేవి ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పుష్పాలు మాత్రమే. వాటి పక్కనే ఉండే మగపూలు ఎన్నటికీ కాయ కాకపోయినా, పక్క పువ్వు పిందె కట్టడానికి వాటి పుప్పొడి తోడ్పడుతుంది. మన ఊహల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. కెనడా చదువును ఊహించుకున్న ఆ కొన్ని నెలల్లో ఒంటరిగా బతకగలనన్న ధైర్యం మీకు కలిగి ఉంటే, ఆ ఊహ చేయవలసిన పని చేసి రాలిపోయిందనే నేను అనుకుంటాను. నేల మీద పరుచుకున్న పూతను చూసి మీ నాన్నగారు చెట్టును తిట్టరు. కూతురి విషయంలో మాత్రం ఆ ఓర్పు చూపలేకపోతున్నారు. తండ్రులు చాలామంది అంతే.

కాబట్టి ఊహలు మానుకోనక్కర లేదు. మీ పొరపాటు వేరే చోట ఉంది. పూత రావడానికి ముందు రెండు మూడు నెలల పాటు తోటకు నీరు ఆపుతారని మీకు తెలుసు. అప్పుడు తడి ఇస్తే పూతకు బదులు చిగురు తోసుకొస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ నీరు పెడతారు. మీరు మాత్రం ఊహ పుట్టీపుట్టగానే ఫీజు కట్టేశారు, అంటే వేళ కాని వేళ తడి ఇచ్చారు. దానికి తోడు చుట్టాలందరికీ చెప్పేశారు. పూత మీదే తోటను గుత్తకు ఇచ్చిన రైతుకు ముందుగా నాలుగు డబ్బులు చేతిలో పడతాయి గాని, ఆ తర్వాత కాపు మీద అతని పెత్తనం ఉండదు. మీకు ముందుగా అందింది చుట్టాల మెప్పు. ఆ తర్వాత మీ నిర్ణయం మీది కాకుండా పోయింది, మానుకోవడం కూడా వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవలసిన విషయమైంది. ఇకపై కనీసం మూడు నెలలు చేసి చూడని పని గురించి ఎవరికీ చెప్పకండి, పైసా ఖర్చు పెట్టకండి.

ఇక ఆ ‘తప్ప’ దగ్గరకు వద్దాం. ఎవరూ అడగకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, ఎనిమిది నెలల ఆదివారాలు ఒకే పని చేసిన మనిషికి నిలకడ లేదని నేను ఒప్పుకోను. మీ గుత్తిలో నిలిచిన పిందె అదే. ఉద్యోగం మానకుండానే దానికి నీరు పెట్టండి: పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పమని అడిగే ఒక కథను ఎంచుకుని, పదహారు పేజీల బొమ్మల కథగా ఉగాది లోపల పూర్తి చేయండి. బ్యాంకు పరీక్ష సంగతి వేరు, దానికి గడువుంది. బ్యాంకు ఆఫీసర్ల ఎంపికకు పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్షకు సాధారణ వర్గం అభ్యర్థులకు గరిష్ఠ వయసు 30 ఏళ్లు గనుక, రాస్తారో లేదో ఈ ఏడాదిలోనే తేల్చుకోండి. కాయల అమ్మకం నాన్నగారు తలకెత్తుకోవలసిన పని, ఆయన అడిగితే లెక్కలు చూసిపెట్టండి, చాలు.

ఈ పోలిక ఒకచోట చెల్లదు. ఏ పిందెను రాల్చాలో చెట్టు ఆలోచించదు, దానికి బాధా లేదు. మీరు ఎంచుకోవాలి, వదిలేసిన దాని గురించి కొన్నాళ్లు దిగులు పడాలి. ఆ దిగులు సహజమే. అయితే తేనెమంచు పురుగు పట్టి పూత మాడిపోవడం వేరు, తనంతట తాను రాలడం వేరు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సహించక, బొమ్మలు వేయాలని కూడా అనిపించకపోతే, 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి మీ తోటలో పూత మొదలై ఉంటుంది. నాన్నగారితో కలిసి ఒక సాయంత్రం తోటలో తిరగండి. ఏమేం చేయాలనుకుంటున్నారో చెప్పకుండా, ఇప్పటిదాకా వేసిన బొమ్మలను ఆయన చేతికివ్వండి. ఆయన ఏమంటారో నాకు రాయండి.