షుగర్ ఉన్నవాళ్లకు కస్టమ్ ఇన్‌సోల్ దండగేనా?

పదిహేనేళ్ల షుగర్, బొటనవేలి కింద ఆనెకాయ, మెడికల్ షాపు జెల్ సోల్‌తో తగ్గలేదు, నాన్నగారికి ఆయన పాదం కొలతకి కస్టమ్ ఇన్‌సోల్ (బూటు లోపల వేసే సోల్) చేయించాలా అన్నారు కదా, చేయించండి అండీ. జెల్ సోల్ పాదమంతా ఒకేలా మెత్తగా ఉంటుంది, అదే చిక్కు. పాదం ఒత్తిడిని కొలిచే ప్రెషర్ ప్లేట్ మీద నడిపిస్తే బరువు ఎక్కువ పడేచోట కంప్యూటర్లో ఎర్రగా కనిపిస్తుంది, సరిగ్గా అక్కడ ఇన్‌సోల్‌ని లోతు చేసి బరువును మిగతా పాదానికి పంచుతారు.

ముందు మోనోఫిలమెంట్‌తో, అంటే పాదానికి ఆనించి చూసే సన్నటి నైలాన్ దారంతో, పాదాల్లో స్పర్శ ఉందో లేదో పరీక్ష చేయించండి. మా అమ్మ చెప్పులో చింతగింజ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నా ఆవిడకి తెలియలేదు!

పాత బూట్లలో ఈ ఇన్‌సోల్ పట్టదు, లోతున్నవి కొనాలి. మొదట్లో రోజూ గంటో రెండు గంటలో వేయించి, విప్పాక ఎర్రబడిందేమో చూడండి. ఆనెకాయని బ్లేడుతో మాత్రం కోయనివ్వకండి.