బెండ మొక్క మీద జాలి వద్దు

చిరంజీవి చిట్టికి, అమ్మమ్మ ఆశీస్సులు.

కుండీల్లో బెండ వేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మురిసిపోయాను. ఆ వెంటనే గుండె గుబేలుమంది. నువ్వు నీళ్లు పోయడం మరిచిపోతావని కాదు. నీది మరీ మెత్తని మనసు, అదీ నా భయం.

విత్తనాలు రాత్రి నానబెట్టి పొద్దున అర అంగుళం లోతున నాటు. రంగు పూసినవైతే నానబెట్టకు. ఆ రంగు మందు, ముట్టుకున్నాక చేతులు కడుక్కో. ఎండ ఆరు గంటలైనా తగలాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి కుండీ అడుగు లోతుకు తగ్గకూడదు. మొలిచిన చోటే పెరగనివ్వు.

ఇక అసలు సంగతి. మీ తాతయ్య ఒక ఏడు పెరడంతా బెండ వేశారు. పూత మొదలయ్యే వేళకు ఒక మొక్క లేతాకుల్లో ఈనెలు పసుపు తిరిగాయి. ఆకంతా కాదు, ఈనెలే. మధ్యలో పచ్చదనం అలాగే ఉండి, పసుపు దారంతో వల అల్లినట్టుంది. పల్లాకు తెగులంటే అదే. ఆకు తిప్పి చూస్తే దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ అనే చిన్న పురుగు కనిపించేది. ఆయన తిప్పలేదు. "పాపం, బలం చాలలేదు" అని యూరియా వేశారు. బలం చాలక పాలిపోయే తీరు వేరు: అది కింది ముదురాకుతో మొదలై ఆకంతా ఒకేలా వెలిసిపోతుంది. పీకేద్దామన్నాను. "పూత మీదున్న దాన్ని పీకమనడానికి నీకు నోరెలా వచ్చింది?" అని కేకలేశారు.

యూరియాకు ఆకులు లేతగా, గుబురుగా వచ్చాయి. తెల్లదోమకు అంతకంటే ఏం కావాలి? ఆ మొక్క రసం పీల్చి, ఈ మొక్క మీద వాలి, ఆ తెగులు తెచ్చే వైరస్‌ను పెరడంతా మోసింది. కొన్ని వారాల్లో అన్నీ పసుపే. కాయలు కాశాయి గానీ పాలిపోయి, గిడసబారి, పీచుతో నిండి ఉన్నాయి. వాటినే తువ్వాలులో పోసుకొచ్చి "రుచికేం లోటు" అన్నారు. ఆ ముఖం చూసి కాదనలేక వండాను. ఇద్దరమూ నమిలి నమిలి తిన్నాం. నీకూ ఆయన పోలికే వచ్చింది తల్లీ, అందుకే ఇంత చెబుతున్నాను.

ఆ తెగులు సోకిన మొక్కకు మందు లేదు. పొద్దున్నే, దోమ ఇంకా మందకొడిగా ఉండగానే, మొక్క మీద సంచి కప్పి వేళ్లతో సహా పీకెయ్. మిగతా వాటికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున చల్లు. ఘాటు మందుల జోలికి వెళ్లావంటే ఊరుకోను. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిన కాయ. మందు ప్రభావం పోయేదాకా ఆగితే కాయ ముదురుతుంది, ఆగకపోతే ఆ మందే మన కడుపులోకి వెళుతుంది.

పువ్వు విచ్చుకున్న ఐదారు రోజులకు కాయ కోతకు వస్తుంది. తోక విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ముదిరినట్టే. ముదురు కాయలను చెట్టునే వదిలేస్తే మొక్క కొత్త పూత తగ్గిస్తుంది. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకో, నూగు దురద పెడుతుంది.

వంట నీకు రాదని ఎవరన్నారు? జిగురు తడికే సాగుతుంది. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తరుగు. వేపుడుకు వెడల్పు మూకుడు తీసుకో, మూత పెట్టకు, ఉప్పు చివర్లో వెయ్యి. నూనె పొదుపు ఆ ఒక్కరోజుకు మానుకో. పులుసులో పులుపే జిగురును విరుస్తుంది, కానీ ఇనుప పాత్రలో పెడితే కాయ నల్లబడుతుంది. ఫ్రిజ్‌లో దాచడం కంటే కోసిన రోజే వండుకోవడం మేలు.

ఫొటోలు పంపుతానన్నావట. పువ్వులవి మీ అమ్మకు పంపు. నాకు మాత్రం వారానికోసారి ఆకుల అడుగు భాగం కనిపించేలా తీసి పంపు.

మీ అమ్మమ్మ