ప్రోగ్రాములు పోకుండా విండోస్ 10 నుంచి 11కి: మేనల్లుడికి ఓ ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

షాపులో కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కించాలనీ, పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రామ్), అను తెలుగు ఫాంట్లు, ట్యాలీ, ఏళ్ల తరబడి దాచిన శుభలేఖల ఫైళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలనీ రాశావు. ఉంటాయి. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి మార్చాలన్న ఆలోచన మంచిదే. కానీ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి, అంటే కంప్యూటర్‌ని పెన్‌డ్రైవ్ నుంచే మొదలుపెట్టి, ఎక్కిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు అల్లుడూ. ప్రోగ్రాములు పోయేది సరిగ్గా అక్కడే.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే పాత విండోస్ నిద్రలో ఉంటుంది. సెటప్ దాన్ని పక్కకి తోసి కొత్తది వేస్తుంది, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు, ప్రోగ్రాముల వివరాలు రాసుకునే చిట్టా) కొత్తగా మొదలవుతుంది. పేజ్‌మేకర్ ఫోల్డర్ డిస్కులో ఎక్కడో మిగిలినా అది ఇన్‌స్టాల్ అయి ఉందని కొత్త విండోస్‌కి తెలియదు. అన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. అదే విండోస్ 10 నడుస్తుండగా, దాని లోపలి నుంచే సెటప్ ఫైల్‌ని నొక్కితే ప్రోగ్రాములు, రిజిస్ట్రీ, యూజర్ ఫోల్డర్లు, ఫాంట్లు అన్నిటినీ వెంట తీసుకెళ్తుంది. దీన్నే ఇన్-ప్లేస్ అప్‌గ్రేడ్ అంటారు. నువ్వు చేయాల్సింది ఇదే.

ముందు నీ మెషీన్‌కి అర్హత ఉందో లేదో చూడు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, అది నడిపితే ఏది తక్కువో చెబుతుంది. ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, రైజెన్ అయితే దాదాపు 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. ఐ5-7400 అని ఉంటే 7వ తరం, ఆగిపోవాలి. ఐ5-8400 అయితే పరవాలేదు. 4 జీబీ ర్యామ్ చాలని కంపెనీ అంటుంది గానీ పేజ్‌మేకర్, ఫోటోషాప్, బ్రౌజర్ ఒకేసారి తెరిచే నీలాంటి వాడికి 8 జీబీ లేకుండా దిగొద్దని నా మాట. టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదని చూపిస్తే కంగారుపడకు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆపేసి ఉంటుంది. బయాస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అన్నది ఆన్ చెయ్.

ఒకవేళ 32 బిట్ విండోస్ 10 ఉంటే ఈ ఉత్తరం నీకు పనికిరాదు. విండోస్ 11 64 బిట్‌లోనే వస్తుంది, 32 నుంచి 64కి ప్రోగ్రాములతో సహా దాటే దారి లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర ముందే చూసుకో.

మన షాపుల్లో ఎక్కువగా తగిలే చిక్కు మరొకటి ఉంది. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొట్టి బయాస్ మోడ్ అన్న వరుస చూడు. యూఈఎఫ్ఐ (విండోస్ 11కి కావాల్సిన కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే మంచిది. లెగసీ అని ఉంటే డిస్కు ముక్కల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. దాన్ని కొత్త పద్ధతైన జీపీటీకి మార్చడానికి విండోస్ 10లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది, డేటా పోకుండానే మారుస్తుంది. ముందు వ్యాలిడేట్ అని నడిపి, అది సరే అంటేనే కన్వర్ట్ చెయ్యాలి. ఐతే మనవాళ్లకి సి, డి, ఇ, ఎఫ్ అని డిస్కుని ముక్కలు చేయించే అలవాటు ఉంది కదా, ఆ కమాండ్ అక్కడే మొరాయిస్తుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉన్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరికొన్ని డ్రైవులు పట్టే ముక్క) ఒక్కటి ఉన్నా అది ఒప్పుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడు: ఏ డ్రైవుల చుట్టూ ఆకుపచ్చ గీత ఉందో అవి ఎక్స్‌టెండెడ్‌లో ఉన్నట్టు. వాటిలోని ఫైళ్లను బయటి హార్డ్ డిస్కుకి కాపీ చేసి, తెరిచి చూసి, ఆ తర్వాత ఆ డ్రైవులను తీసేసి, లోపల ఖాళీ అయిన ఎక్స్‌టెండెడ్‌ని కూడా తీసేస్తే గానీ మార్పిడి జరగదు. మారాక బయాస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆపి యూఈఎఫ్ఐ పెట్టాలి, లేకపోతే మెషీన్ బూట్ కాదు. ఈ పనీ అప్‌గ్రేడూ ఒకే రోజు పెట్టుకోకు. మార్పిడి తర్వాత విండోస్ 10 రెండు రోజులు సాఫీగా నడవనీ.

డి డ్రైవులో ఉన్నవి ఎలాగూ భద్రమే అనుకుంటావేమో. అప్‌గ్రేడ్ డి జోలికి వెళ్లదన్నది నిజమే, కానీ సి, డి రెండూ ఒకే డిస్కు మీద ఉంటే ఆ డిస్కు పోయిన రోజు రెండూ పోతాయి. అందుకని రెండు రకాల బ్యాకప్ తీసుకో. మొదటిది మామూలు కాపీ: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డి డ్రైవు మొత్తం, ట్యాలీ డేటా ఫోల్డర్. ట్యాలీ డేటా ఎక్కడుందో ఊహించకు, కంపెనీ ఎంచుకునే తెరలోనే డేటా దారి కనిపిస్తుంది, దాన్ని చూసి కాపీ చెయ్. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట నీ పాత ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ని కూడా కాపీలో చేర్చు.

రెండోది సిస్టమ్ ఇమేజ్. అంటే విండోస్, ప్రోగ్రాములు, లైసెన్సులతో సహా సి డ్రైవు మొత్తం అచ్చుగుద్దినట్టు. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ విండోస్ 7 అని పాత పేరుతో ఒకటుంది, అందులో ఎడమ పక్కన క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్. బయటి డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఇమేజ్ తీసి ఊరుకుంటే చాలదు, విండోస్ బూట్ కాని రోజు దాన్ని వెనక్కి వేయడానికి ఒక పెన్‌డ్రైవ్ కావాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ వేసి ఉంచు. అది ఇన్‌స్టాల్ చేయడానికి కాదు, రిపేర్ దారిలోకి వెళ్లడానికి. ఒకసారి దాంతో బూట్ చేసి, రిపేర్ తెర వచ్చిందాకా చూసి, ఆపేసి బయటికి రా.

ఇక ఐఎస్ఓ ఫైలు, అంటే ఎక్కించాల్సిన విండోస్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ 11 డిస్క్ ఇమేజ్ దించుకో, 5 జీబీకి పైనే ఉంటుంది. అక్కడ భాష అడుగుతుంది. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని రెండు. రెండూ ఇంగ్లిషే కదా అని ఏదో ఒకటి నొక్కితే చివరికి ప్రోగ్రాములు ఉంచుకునే వరుస మసకబారి, నొక్కడానికి వీల్లేకుండా పోతుంది. ఇప్పుడున్న విండోస్ ఏ భాషతో ఎక్కించారో అదే కావాలి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ కమాండ్‌ని ఆన్‌లైన్, గెట్-ఇంట్ల్ అన్న స్విచ్‌లతో (dism /online /get-intl) నడిపితే డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్ అని చూపిస్తుంది. ఈఎన్-యూఎస్ అయితే మొదటిది, ఈఎన్-జీబీ అయితే ఇంటర్నేషనల్.

ఎక్కించే ముందు రోజు సి డ్రైవులో కనీసం 40 జీబీ ఖాళీ చెయ్. సెటప్ 30 లోపే సరిపెట్టుకోవచ్చు గానీ పాత విండోస్ కూడా కొన్నాళ్లు డిస్కులోనే ఉండాలి. బయటి కంపెనీ యాంటీవైరస్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చెయ్, ఆపితే సరిపోదు, దాని డ్రైవర్ లోపల నడుస్తూనే ఉంటుంది. బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్కుకి విండోస్ వేసే తాళాలు) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, తాత్కాలికంగా సస్పెండ్ చెయ్. బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు కూడా ఇదే. ఆ కీ లేకపోతే నీ ఫైళ్లు నీకే తెరుచుకోవు.

డాంగిల్ (లైసెన్స్ తాళంలా యూఎస్‌బీకి పెట్టే చిన్న పరికరం) ఉన్న సాఫ్ట్‌వేర్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. డాంగిల్ డ్రైవర్ విండోస్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో పనిచేస్తుంది, పాతదైతే అప్‌గ్రేడ్‌ని మధ్యలో పడగొట్టగలదు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ తెరిచి మెమరీ ఇంటెగ్రిటీని ఆన్ చేయబోయి చూడు. పొసగని డ్రైవర్లు ఉంటే పేర్లతో సహా అక్కడే చూపిస్తుంది. ఆ పేర్లు పట్టుకుని కొత్త డ్రైవర్‌ని సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గర తీసుకుని, విండోస్ 10లో ఉండగానే వేసెయ్. వేశాక డాంగిల్ పనిచేస్తోందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

ఎక్కించే రోజు ప్రింటర్, స్కానర్, డాంగిల్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకెయ్, కీబోర్డు, మౌస్ చాలు. యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో నీకు తెలుసు, కరెంటు కోతల వేళ చూసుకుని మొదలుపెట్టు. ఐఎస్ఓ మీద కుడి క్లిక్ చేసి మౌంట్ అంటే కొత్త డ్రైవ్ లాగా కనిపిస్తుంది, అందులో సెటప్ నొక్కు. మొదటి తెరలో ఛేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్ అన్న లింకు నొక్కి నాట్ రైట్ నౌ పెట్టు, లేకపోతే చాలాసేపు ఒక శాతం దగ్గరే నిలబడుతుంది. లైసెన్స్ ఒప్పుకున్నాక రెడీ టు ఇన్‌స్టాల్ అనే తెర వస్తుంది. అక్కడ రెండు టిక్కులుంటాయి. మొదటిది ఇన్‌స్టాల్ విండోస్ 11, దాని కింద కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్. ఆ రెండో వరుసలో యాప్స్ అన్న మాట కంటికి కనిపించాలి. పర్సనల్ ఫైల్స్ ఓన్లీ అని గానీ నథింగ్ అని గానీ ఉంటే పక్కనున్న ఛేంజ్ వాట్ టు కీప్ నొక్కి మార్చు. మార్చనివ్వకపోతే క్యాన్సిల్ చేసి బయటికి రా. తప్పు భాష, తప్పు ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం), వీటిలో ఏదో ఒకటై ఉంటుంది.

ఎస్ఎస్‌డీ ఉంటే గంట, పాత హార్డ్ డిస్కు అయితే మూడు గంటలు పట్టొచ్చు. మూడు నాలుగు సార్లు రీస్టార్ట్ అవుతుంది. ఒకే శాతం దగ్గర అరగంట కదలకపోయినా స్విచ్ కట్టెయ్యకు. హార్డ్ డిస్కు లైటు మిణుకుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే.

మధ్యలో ఫెయిలైతే విండోస్ తనంతట తానే 10కి వెనక్కి వచ్చేస్తుంది, సాధారణంగా ఏమీ పోదు. కోడ్ మాత్రం రాసుకో. 0ఎక్స్‌సి1900101తో మొదలైతే డ్రైవర్ గొడవ. 0ఎక్స్‌సి1900208 అయితే ఏదో ప్రోగ్రామ్ పొసగడం లేదు. 0ఎక్స్‌సి190020ఇ అయితే స్థలం చాలలేదు. సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం అని వస్తే సి డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు, బూట్ ఫైళ్లుండే ఆ 100 ఎంబీ చిన్న పార్టిషన్ నిండిపోయినట్టు. అందులోని బూట్ ఫాంట్ ఫైళ్లు (నీ అను ఫాంట్లు కావు) తీస్తే చోటొస్తుంది గానీ, ఆ పని తెలిసినవాణ్ని పక్కన పెట్టుకుని చెయ్.

మెషీన్‌కి అర్హతే లేకపోతే రిజిస్ట్రీలో మార్పుతో సెటప్‌ని ఒప్పించే దారి ఉంది. సంపాదన ఆధారపడ్డ కంప్యూటర్ మీద అది వద్దు, అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. దాని బదులు విండోస్ 10కే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరు, 2026 అక్టోబరు 13 దాకా నడుస్తుంది. ఈలోగా మెషీన్ మార్చుకోవచ్చు.

ఎక్కాక మొదట డీఫాల్ట్ ప్రింటర్ చూడు. ప్రింటర్స్ సెట్టింగ్స్‌లో లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్ అన్నది ఆపి, నీ ప్రింటర్‌ని పెట్టు. పేజ్‌మేకర్ పేజీని ప్రింటర్‌ని బట్టి కూర్చుతుంది, ప్రింటర్ మారితే వరుసలు విరిగే చోటు మారి నీ శుభలేఖ కింది లైను పక్క పేజీలోకి పోతుంది. ఆ తర్వాత డాంగిల్ పెట్టి, అను ఫాంట్లతో చేసిన ఒక పాత ఫైలు తెరిచి, ఒక్క కాపీ ప్రింట్ తీసి పాత కాగితంతో కలిపి చూడు. వన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌ని బ్యాకప్ చేస్తానని అడిగితే ప్రస్తుతానికి వద్దను, అది ఫోల్డర్ల దారినే మార్చేస్తుంది. పాత సైట్లకి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడుతుంటే అది 11లో లేదు, ఎడ్జ్‌లో ఐఈ మోడ్ పెట్టుకోవాలి.

వెనక్కి 10కి వెళ్లే అవకాశం 10 రోజులే ఉంటుంది. మొదటి రోజే డిస్మ్‌లో సెట్-ఓఎస్అన్‌ఇన్‌స్టాల్‌విండో అన్న స్విచ్‌కి విలువ 60 ఇచ్చి (dism /online /set-osuninstallwindow /value:60) దాన్ని 60 రోజులకి పెంచు, అదే గరిష్ఠం. గడువు దాటితే పాత విండోస్ ఉన్న విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చెరిగిపోతుంది. డిస్క్ క్లీనప్ నడిపేటప్పుడు ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ మీద టిక్ పడకుండా చూడు. ఒక నెల జీఎస్టీ పని, కొన్ని పెళ్లి ఆర్డర్లు పూర్తిగా తిరిగాక అప్పుడు తీసెయ్. బయటి డిస్కులోని ఇమేజ్ మాత్రం ఏడాది దాకా ఉండనీ.

మెషీన్ మోడల్ నంబరూ, ప్రాసెసర్ పేరూ రాసి పంపు. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య