ఒక్క ‘ఆర్డర్’కి రష్యన్‌లో ఎన్ని మాటలు?

ప్రశ్న: ఇంగ్లిషు నుంచి రష్యన్‌లోకి అనువాదం నేర్చుకుంటున్నాను. ‘ఆర్డర్’ వచ్చిన ప్రతిచోటా ‘జకాస్’ అని రాస్తే సగానికి పైగా కొట్టేశారు. ఎక్కడ ఏది వాడాలి?

జవాబు: చిక్కు సగం మన దగ్గరే ఉంది. హోటల్లో ఆర్డరిస్తాం, కోర్టు ఆర్డర్ తెచ్చుకుంటాం, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ కోసం చూస్తాం, ఫైళ్లు ఆర్డర్లో పెట్టమంటాం. అందుకని ముందు ఆ వాక్యాన్ని ‘ఆర్డర్’ అనకుండా తెలుగులో చెప్పుకోండి. ఆ తర్వాతే రష్యన్ నిఘంటువు తెరవండి.

పురమాయించిన సరుకు, భోజనం అయితే జకాస్. పైఅధికారి ఉత్తర్వు అయితే ప్రికాస్. ఇది సైన్యానికే పరిమితం కాదు, రష్యాలో మెడిసిన్‌లో చేర్చుకున్నట్టు యూనివర్సిటీ ఇచ్చే ఉత్తర్వు కూడా ‘ప్రికాస్ అ జచిస్లేనియి’యే. వరస, పద్ధతి, అన్నీ సర్ది ఉండటం: మూడూ పర్యాదక్. సెకండ్ ఆర్డర్ సమీకరణంలోనూ అదే. డాక్టరు రాసిన మందులు, పరీక్షలు మాత్రం ప్రికాస్ కావు, ‘నజ్నచేనియె’.

ఓర్దిర్, ఓర్దిన్ దగ్గర చివరి అక్షరం చూసుకోండి. సోదాకి పోలీసులు తెచ్చే వారంటు ఓర్దిర్. ఆర్డర్ ఆఫ్ లెనిన్ లాంటి పురస్కారం ఓర్దిన్. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే పెద్దమనిషి ఛాతీ మీద సోదా వారంటు వేలాడుతుంది.

తెలుగు చిట్కా జీవశాస్త్రంలో పనిచేయదు. వర్గీకరణలో మనకు జంతువులకైనా మొక్కలకైనా ‘క్రమం’ ఒక్కటే. రష్యన్లు జంతువులకు అత్ర్యాత్ అంటారు, మొక్కలకు పర్యాదక్. ప్రైమేట్లది అత్ర్యాత్, గులాబీ చేరే రోజేల్స్‌ది పర్యాదక్. మామూలు భాషలో అత్ర్యాత్ అంటే దళం, గస్తీ దళం లాంటిది. కంగారు పడకండి.

క్రియ దగ్గర విభక్తి గమనించాలి. ‘ప్రికజాత్’కి మన ‘కి’ పడుతుంది: డ్రైవరుకి ఆజ్ఞాపించాడు. ‘జకజాత్’కి ‘ని’: కారుని పురమాయించాడు. జకజాత్ తర్వాత మనిషి పేరు ‘ని’తో పెడితే వీధి భాషలో సుపారీ ఇచ్చి చంపించమన్నట్టే. అదే మాట నుంచి వచ్చిన ‘జకజ్నోయె పిస్మో’ మాత్రం ఏ పాపం ఎరగదు, అది రిజిస్టర్డ్ ఉత్తరం.

ప్రశ్న: లిఫ్టు మీద ‘ఔట్ ఆఫ్ ఆర్డర్’ బోర్డు ఉంటే?

జవాబు: పైవాటిలో ఏదీ కాదు. ‘ని రబోతయెత్’, పనిచేయడం లేదు, అంతే. ‘ఇన్ ఆర్డర్ టు’ కూడా ఇంతే, ‘ష్తోబి’తో సరిపోతుంది. యాప్‌లో ఒంటి మాట కొట్టి వచ్చిన మొదటి జవాబు దించుకోవద్దు, వాక్యం మొత్తం ఇవ్వండి. మల్టీట్రాన్ లాంటి నిఘంటువులో ప్రతి అర్థం పక్కన న్యాయం, సైన్యం, వైద్యం అని రంగం గుర్తు ఉంటుంది, ముందు అది చూడండి.