క్యాంప్ మెయిల్ వచ్చినంత మాత్రాన రిక్రూట్ చేస్తున్నట్టు కాదన్నా

అన్నా, టెన్త్ గ్రేడ్ అయిన మీ వాడికి ఆరు కాలేజీల నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ సమ్మర్ క్యాంప్ మెయిల్స్ వచ్చాయి, అన్నిటికీ డబ్బులు కట్టాలా అని అడిగారు కదా, ముందు ఆ క్రెడిట్ కార్డ్ లోపల పెట్టేయండి. ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ స్పోర్ట్స్ నడిపే సంస్థ) రూల్ ప్రకారం కాలేజీ క్యాంపుల్లో వయసు, గ్రేడ్, జెండర్, సీట్ల లిమిట్ తప్ప ఎవరొచ్చినా చేర్చుకోవాల్సిందే, అంటే ఆ ఇన్విటేషన్ ఊరందరికీ పంచే శుభలేఖ లాంటిది. మా వాడికీ ఇలాగే వస్తే సంబరపడిపోయి తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి వెళ్లాం, కోచ్ వాడి షర్ట్ మీద టేప్ చూసి పేరు చదివాడు, అంతే, మళ్లీ పలకలేదు.

మీ వాడి చేతే పొజిషన్ కోచ్‌కి (వాడు ఆడే స్థానం చూసే కోచ్) మెయిల్ పెట్టించండి (మీరు రాయొద్దు, కోచ్‌లకి నచ్చదు), హడల్ (ఆట వీడియోలు పెట్టే సైట్) లింక్, హైట్, వెయిట్, జీపీఏ (మార్కుల సగటు) చాలు. జవాబులో ఆ వీడియోలోని ఫలానా ప్లే గురించి మాట్లాడితే ఆ క్యాంప్‌కి వెళ్లండి (డివిజన్ 1, అంటే పై స్థాయి కాలేజీల కోచ్‌లు టెన్త్ గ్రేడ్ పిల్లలకి ఇలా జవాబివ్వడానికి రూల్స్ ఒప్పుకోవు, కాబట్టి వాళ్ల నుంచి రాకపోతే ఆసక్తి లేదనుకోవద్దు). లేదంటే జూన్‌లో దగ్గర్లో జరిగే మెగా క్యాంప్ ఒకటి బెటర్, చాలా కాలేజీల కోచ్‌లు ఒకేచోట ఉంటారు, కింది స్థాయిలైన డివిజన్ 2, 3 వాళ్లు కూడా. డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఉండదు గానీ మార్కులు బాగుంటే మెరిట్ ఎయిడ్ (చదువు చూసి ఇచ్చే ఫీజు సాయం) దొరకొచ్చు. డివిజన్ 1 కావాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి, స్కూల్ కౌన్సిలర్‌ని ఇప్పుడే కలవండి.