తాతయ్య చుట్ట వెలిగిస్తే తప్పా?

ప్రశ్న: మాది కోనసీమలో ఓ లంక గ్రామం. నన్ను పెంచిన తాతయ్య నిరుడు పోయారు. చివరి ఆరు నెలలూ దగ్గుతో మంచాన పడితే అమ్మే అన్నీ చూసుకుంది. ఆయన రేకు డబ్బాలో ఆరు చుట్టలు మిగిలాయి. నాకు పొగ అలవాటు లేదు, కానీ సంవత్సరీకం రోజున ఆయన్ని తలచుకుంటూ ఒకటి కాల్చాలని ఉంది. ఆ మాటంటే అమ్మ ఏడ్చింది. నా భార్యకు ఐదో నెల. నేను చేసేది తప్పా? చుట్టలు బాగా ఎండిపోయాయి, పనికొస్తాయా?

జవాబు: మీ కోరికలో తప్పేం లేదండి. ఆ వాసన వస్తే మీకు తాతయ్య పక్కన అరుగు మీద గడిపిన సాయంత్రాలు గుర్తొస్తాయి. అమ్మగారికేమో అర్ధరాత్రి లేచి ఆయన వీపు నిమిరిన రోజులు గుర్తొస్తాయి. సంవత్సరీకం రోజు ఆమెకు వదిలేయండి. మీరు వేరే సాయంత్రం పెట్టుకోండి. చాటుగా మాత్రం వద్దు. “ఒక్కటేనమ్మా, ఊరి బయట, ఈ ఒక్కసారికే” అని ముందే చెప్పండి. ఒప్పుకోమని పట్టుబట్టకండి, ఆమెకు తెలిస్తే చాలు.

ఇక చుట్టలు. వెలుతుర్లో తిప్పి చూడండి. సన్నటి రంధ్రాలు, పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టు. నూగులా బూజు, ముక్కవాసన ఉంటే పారేయండి. బాగున్నవాటిని మూత బిగుతైన స్టీలు డబ్బాలో పేర్చి, నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను చిన్న గిన్నెలో పెట్టి పక్కన ఉంచండి. గుడ్డ చుట్టకు తగలకూడదు. రోజుకోసారి మూత తీసి గాలి తగలనివ్వండి. వారం పది రోజులకు వేలితో నొక్కితే చిటపటలాడకుండా లొంగి, మళ్లీ లేవాలి. తొందరపడి నీళ్లు చిలకరించారో, పై ఆకు ఉబ్బుతుంది, లోపలి ఆకు ఎండుగానే ఉంటుంది, చుట్ట నిలువునా చిట్లుతుంది.

కడుపు నిండా తిన్నాకే వెలిగించండి. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పండే లంక పొగాకు ఘాటు మామూలుది కాదు. 19వ శతాబ్దంలో తెల్లదొరలు కూడా ఈ చుట్టను ‘లంక’ అనే పిలిచేవారు. జనం తిరిగే రేవు, బస్టాండు వద్దు. బహిరంగ స్థలాల్లో పొగతాగితే 2003 నాటి చట్టం ప్రకారం 200 రూపాయల దాకా జరిమానా ఉంది. గడ్డివాము, తాటాకు పాక దగ్గర్లో లేని చోటు చూసుకోండి.

అగ్గిపుల్ల గీశాక గంధకం వాసన పోయేదాకా ఒక్క క్షణం ఆగండి. మంటను చుట్ట కొసకు కాస్త కిందగా పట్టి, చుట్టను తిప్పుతూ అంచంతా ఎర్రబడనివ్వండి. ఒకవైపే అంటుకుంటే ఒకపక్కే కాలుతూ పోతుంది. తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము చాలు. వెంటవెంటనే లాగితే వేడెక్కి చేదు దిగుతుంది. పొగ నోట్లోనే ఉంచి వదిలేయండి, గుండెల్లోకి పీల్చొద్దు. పీల్చకపోయినా నోటి పొరల్లోంచి నికోటిన్ ఒంట్లోకి వెళ్తుంది. అలవాటు లేని మీకు చెమటలు, కళ్లు తిరగడం, వికారం రావచ్చు. మొదటి చెమట పట్టగానే ఆపేసి, నీడలో కూర్చుని నీళ్లు తాగండి. సగం కాల్చినా తాతయ్యను తలచుకున్నట్టే. మిగిలిన ముక్కను ఇసుకలో గుచ్చి నీళ్లు పోయండి.

బీపీ, గుండె జబ్బు, ఆయాసం ఉంటే అసలు వెలిగించొద్దు. లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు కాబట్టి ఏటా చేసే ఆనవాయితీగా మార్చకండి. ఇంటికొచ్చాక స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే మీ భార్య దగ్గరికి వెళ్లండి. కడుపులో బిడ్డకు ఆ పొగ మంచిది కాదు.

మిగిలినవాటిని తడిగుడ్డ లేకుండా పాత రేకు డబ్బాలోనే పెట్టి అమ్మగారి చేతికివ్వండి. దాచుకుంటారో పారేస్తారో ఆమె ఇష్టం.